డిజిటల్ చిత్ర ఆవర్ధనం: పెరిగిన గళ్ళలోకి వివరం ఎక్కడి నుంచి వస్తుంది

నిర్వచనం, పరిధి

డిజిటల్ చిత్రం అంకెల పట్టిక. ఒక్కో గడిని పిక్సెల్ అంటారు. ఆ గడి మీద పడిన వెలుతురు ఎంత, రంగు ఏది అన్నది ఆ అంకె చెబుతుంది. ఆవర్ధనం అంటే ఈ పట్టికలో గళ్ళ సంఖ్యను పెంచడం. వాడుకలో దీన్నే ఎన్‌లార్జ్ చేయడం, అప్‌స్కేలింగ్ అంటున్నాం. అడ్డంగానూ నిలువుగానూ నాలుగు రెట్లు పెంచితే పాత చిత్రంలో ఒక గడి ఉన్నచోట కొత్తదానిలో 16 గళ్ళు వస్తాయి. కెమెరా కొలిచింది వాటిలో ఒక్కదానికి సరిపడే సమాచారమే. మిగిలిన 15 గళ్ళనూ లెక్క కట్టి నింపాలి. ఎలా నింపాలి, ఏ ఆధారంతో నింపాలి అన్న ప్రశ్నకు గత అరవై డెబ్భై ఏళ్ళలో వచ్చిన జవాబులే ఈ శాస్త్రమంతా.

‘వివరం పోకుండా పెద్దది చేయడం’ అన్న మాటలో రెండు వేర్వేరు కోరికలున్నాయి. చిత్రంలో ఇప్పటికే ఉన్న వివరం చెడకూడదన్నది మొదటిది. ఇది సాధ్యమే, దాదాపు పూర్తిగా సాధ్యం. చిత్రంలో నమోదు కాని వివరం కూడా కనిపించాలన్నది రెండోది. ఆ వివరం మరొక చోటి నుంచి వస్తే తప్ప ఇది నెరవేరదు. అదే దృశ్యానికి తీసిన మరో చిత్రం నుంచి రావచ్చు, లేదా ఇలాంటి దృశ్యాలు సాధారణంగా ఎలా ఉంటాయో తెలిసిన జ్ఞానం నుంచి రావచ్చు. మొదటి దారిలో వచ్చేది కొలత, రెండో దారిలో వచ్చేది అంచనా. తెర మీద చూస్తే రెండూ ఒకేలా నిగనిగలాడతాయి గనుక, పెద్దది చేసిన ఏ చిత్రానికైనా విలువ కట్టాలంటే దాని వివరం ఎక్కడి నుంచి వచ్చిందో ముందు తెలియాలి. ఈ సంగతి అత్యంత స్పష్టంగా తేలే సందర్భం తెలుగు నేలను ఆనుకొని ఉన్న నాందేడ్‌లో దొరుకుతుంది.

రిజల్యూషన్ అన్న మాటకు రెండు అర్థాలున్నాయని కూడా గుర్తుంచుకోవాలి. పిక్సెళ్ళ సంఖ్య ఒకటి. పక్కపక్కనున్న రెండు చుక్కలను విడివిడిగా చూపగల సామర్థ్యం మరొకటి. కటకం నాణ్యత, ఫోకస్, కెమెరా వణుకు, కంప్రెషన్ అన్నీ ఈ రెండోదాన్ని నిర్ణయిస్తాయి. ఆవర్ధనం మొదటిదాన్ని ఎంతైనా పెంచగలదు. రెండోదాన్ని తనంతట తాను పెంచలేదు.

నాందేడ్ రెటీనా చిత్రాలు (చూ. డయాబెటిక్ రెటినోపతి)

గోదావరి ఒడ్డునున్న నాందేడ్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. ఆ జిల్లాలోని దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ ప్రాంతాల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. పట్టణ శివార్లలోని విష్ణుపురిలో 1981లో మొదలైన శ్రీ గురు గోవింద్ సింగ్‌జీ ఇంజనీరింగ్, టెక్నాలజీ సంస్థలో చిత్ర విశ్లేషణ మీద చాలా కాలంగా పరిశోధన సాగుతోంది. అక్కడి ప్రసన్న పోర్వాల్, మనేష్ కోకరే తదితరులు 2018లో ప్రచురించిన చిత్ర నిధి పేరు ఇండియన్ డయాబెటిక్ రెటినోపతి ఇమేజ్ డేటాసెట్. పరిశోధకులు దీన్ని ఐడ్రిడ్ అని పిలుస్తారు. నాందేడ్‌లోని ఒక కంటి క్లినిక్‌లో రెటీనా నిపుణుడు తీసిన 516 చిత్రాలు ఇందులో ఉన్నాయి. 413 శిక్షణకు, 103 పరీక్షకు. కోవా సంస్థ ఫండస్ కెమెరాతో, 50 డిగ్రీల దృష్టి పరిధితో తీసిన ఒక్కో చిత్రం కొలత 4288×2848 పిక్సెళ్ళు, అంటే కోటీ ఇరవై రెండు లక్షల పైచిలుకు గళ్ళు. 81 చిత్రాల్లో ఏ పిక్సెల్ వ్యాధి చిహ్నానికి చెందిందో, ఏది చెందదో నిపుణులు గుర్తించి పెట్టారు. 2018లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ వైద్య చిత్రణ సదస్సులో ఈ చిత్రాల మీదే పోటీ పెట్టారు. వ్యాధి చిహ్నాలను వేరుచేయడం, తీవ్రత నిర్ణయించడం, దృష్టి నాడి బిళ్ళ స్థానాన్ని, మాక్యులా కేంద్రాన్ని గుర్తించడం అందులోని పనులు.

ఆవర్ధనానికీ ఈ చిత్రాలకూ సంబంధం మైక్రో అన్యూరిజం దగ్గర మొదలవుతుంది. మధుమేహం వల్ల రెటీనాలోని అతి సన్నని రక్తనాళపు గోడ ఒకచోట ఉబ్బి ఎర్రటి చుక్కలా కనబడుతుంది. వ్యాధి కంటిలో అడుగుపెట్టిందనడానికి సాధారణంగా కనిపించే తొలి గుర్తు ఇదే. అంతర్జాతీయ కొలమానంలో మైక్రో అన్యూరిజంలు మాత్రమే ఉంటే వ్యాధి తొలి దశ, అవి కూడా లేకపోతే వ్యాధి లేనట్టు. అంటే రెండు దశల నడుమ గీత ఒక్క చుక్క మీద ఆధారపడి ఉండవచ్చు. రెటీనా మీద ఒక డిగ్రీ సుమారు 0.3 మిల్లీమీటరు. 50 డిగ్రీలంటే 15 మిల్లీమీటర్ల దరిదాపు. ఆ వృత్తం చిత్రపు వెడల్పులో అధిక భాగాన్ని ఆక్రమిస్తుంది గనుక ఒక్కో పిక్సెల్ రెటీనా మీద దాదాపు 4 మైక్రాన్లకు సమానం. 50 మైక్రాన్ల చుక్క ఈ చిత్రంలో అడ్డంగా 12 పిక్సెళ్ళుంటుంది. అదే చిత్రాన్ని ఎనిమిదో వంతుకు కుదిస్తే చుక్క ఒకటిన్నర పిక్సెల్‌కు దిగిపోతుంది. కంప్యూటర్ జ్ఞాపకశక్తి చాలక వర్గీకరణ పనుల్లో చిత్రాలను అంత పరిమాణానికి కుదించడం మామూలే. కుదించాక చుక్క పక్కనున్న రెటీనా రంగులో కలిసిపోతుంది. దాన్ని మళ్ళీ 4288 పిక్సెళ్ళకు పెంచితే గళ్ళ లెక్క సరిపోతుంది గానీ పోయిన చుక్క తిరిగి రాదు. చిన్న చిహ్నాల కోసం వెతికేవారు పూర్తి చిత్రాన్ని కుదించకుండా ముక్కలుగా కోసి పరీక్షించే పద్ధతిని ఆశ్రయించేది అందుకే.

చరిత్ర

చీకటి గదిలో ఫిల్మును ఎన్‌లార్జర్ కింద పెట్టి పెద్ద కాగితం మీదికి వెలుతురు పంపే రోజుల్లోనే ఈ హద్దు తెలిసిపోయింది. ఒక స్థాయి దాటాక మొహం బదులు వెండి రేణువులు పెద్దవవుతాయి. డిజిటల్ చిత్రం 1957లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో పుట్టింది. రసెల్ కిర్ష్ తన పసిబిడ్డ ఫొటోను స్కాన్ చేసి 176×176 గళ్ళలో నిలిపాడు. రేణువు స్థానంలోకి చదరపు గడి వచ్చింది, సమస్య అలాగే మిగిలింది.

దానికి గణిత పునాది అంతకు ముందే సిద్ధంగా ఉంది. నైక్విస్ట్ 1928లోనూ షానన్ 1949లోనూ చెప్పినదాని సారం ఇది. ఒక సంకేతంలోని అత్యంత సూక్ష్మమైన మార్పుకు కనీసం రెండు నమూనాలు దక్కేంత దగ్గరగా కొలిస్తే, ఆ సంకేతాన్ని నమూనాల నుంచి పూర్తిగా తిరిగి కట్టవచ్చు. అంతకన్నా దూరం దూరంగా కొలిస్తే సూక్ష్మమైన మార్పు పోవడమే కాదు, లేని ముతక మార్పుగా మారువేషంలో కనబడుతుంది. గళ్ళ చీర కట్టుకున్న మనిషిని టీవీలో చూపినప్పుడు చీర మీద పాకే వింత చారలు అలా పుట్టినవే. తగినంత దట్టంగా కొలిచిన చిత్రాన్ని ఎంత పెద్దదైనా చేయవచ్చన్న హామీ, మరీ పలుచగా కొలిచినదాన్ని ఏ సూత్రమూ ఒంటరిగా బాగుచేయలేదన్న హెచ్చరిక, రెండూ ఈ ఒక్క సిద్ధాంతంలోనే ఉన్నాయి.

1979లో వాతావరణ శాస్త్రవేత్త క్లాడ్ డూషాన్ లాంట్సోష్ వడపోతను రెండు దిశల దత్తాంశానికి వర్తింపజేశాడు. 1981లో రాబర్ట్ కీస్ ఘన బహుపది పద్ధతిని ప్రతిపాదించాడు, నేటికీ ఫొటో సాఫ్ట్‌వేర్లలో బైక్యూబిక్ పేరుతో నడుస్తున్నది దాదాపు అదే. 1988లో డాన్ మిచెల్, ముంబైలో పుట్టిన అరుణ్ నేత్రవలి ఇలాంటి వడపోతలను చూపరుల కంటికి చూపించి, మసకకూ అంచుల చుట్టూ వచ్చే వలయాలకూ నడుమ ఎక్కడ ఆగాలో నిర్ణయించారు. 1990లలో ఫ్రాక్టల్ పద్ధతులు వచ్చాయి, ఎంత పెద్దది చేసినా అంచు వాడిగా ఉంటుందన్న ప్రచారంతో కొంతకాలం వెలిగాయి. ఇంకో శాఖ 1984లో త్సాయ్, హువాంగ్‌లతో మొదలైంది, ఒకే దృశ్యపు అనేక చిత్రాలను కలపడం దాని మార్గం. మన దేశంలో ఐఐటీ బొంబాయికి చెందిన శుభాశిస్ చౌధురి 2001లో ఈ శాఖ మీద ఒక వ్యాస సంకలనానికి సంపాదకత్వం వహించారు. 2014లో హాంకాంగ్ చైనీస్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఎస్‌ఆర్‌సీఎన్‌ఎన్ మూడు పొరల న్యూరల్ నెట్‌వర్క్‌తో పాత పద్ధతులను దాటేసింది. ఆ తర్వాతి కథంతా నేర్చుకున్న యంత్రాలదే.

అంతర్వేశనం: పనిచేసే తీరు (చూ. నమూనీకరణ)

రెండు తెలిసిన విలువల నడుమ తెలియని విలువను లెక్కించడాన్ని అంతర్వేశనం అంటారు. దగ్గరి గడి విలువనే నకలు చేయడం అన్నిటికన్నా సులువైన పద్ధతి. ఇది చిత్రాన్ని మెట్లు మెట్లుగా చూపిస్తుంది, అయితే లేని విలువను ఒక్కదాన్నీ పుట్టించదు. అందుకే ఐడ్రిడ్ వంటి నిధుల్లో నిపుణుల గుర్తులను పెద్దవి చేయవలసి వస్తే ఇదే వాడాలి. గుర్తు పటంలో ఒక పిక్సెల్ చిహ్నమా కాదా అన్న రెండే విలువలుంటాయి, ‘సగం చిహ్నం’ అనేది అర్థం లేని మాట. బైలీనియర్ పద్ధతి చుట్టూ ఉన్న నాలుగు గళ్ళ సగటును దూరాన్ని బట్టి తీసుకుంటుంది. బైక్యూబిక్ 16 గళ్ళను చూస్తుంది.

వీటి తేడా ఒక వరుస గళ్ళలో తేటగా కనబడుతుంది. రెటీనా వెలుగు విలువ 120, ఒక్క పిక్సెల్ వెడల్పున్న చుక్క విలువ 60 అనుకుంటే వరుస ఇలా ఉంటుంది: 120, 120, 60, 120, 120. దీన్ని రెట్టింపు చేయాలంటే నడిమి విలువలు కావాలి. 120కీ 60కీ మధ్య బైలీనియర్ ఇచ్చేది 90. కీస్ సూత్రం దగ్గరి రెండు గళ్ళకు చెరో 9/16, దూరపు రెంటికి చెరో రుణ 1/16 బరువు ఇస్తుంది గనుక అక్కడ 86.25 వస్తుంది. చుక్క కాస్త వాడిగా, ముదురుగా కనిపించడానికి కారణం అదే. ఇక చుక్కకు ఇవతల, రెండు 120ల నడుమ ఏం రావాలి? బైలీనియర్ 120 అంటుంది. కీస్ సూత్రం 123.75 అంటుంది. అసలు చిత్రంలో ఎక్కడా 120కి మించిన వెలుగు లేదు. చుక్క చుట్టూ పుట్టిన ఈ పలుచని వెలుగు వలయం సూత్రం చేసిన పని. చూసే కంటికి అది చుక్కను మరింత కొట్టొచ్చినట్టు చూపిస్తుంది. కొలతలు తీసే యంత్రానికి మాత్రం అది లేని సమాచారం. రెండింటిలో ఏది మేలు అంటే ఆ చిత్రం ఎవరి కోసమో తెలిస్తే గానీ చెప్పలేం.

ఈ పద్ధతులన్నిటికీ ఉమ్మడి సుగుణం ఒకటుంది. వాటి తప్పు మసక రూపంలోనో వలయం రూపంలోనో బయటికి కనిపిస్తుంది. చూసేవాడికి తనకు తెలియనిది ఎక్కడుందో తెలుస్తుంది. జేపెగ్ కంప్రెషన్ చేసిన చిత్రాల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. జేపెగ్ చిత్రాన్ని 8×8 గళ్ళ పలకలుగా విడగొట్టి సూక్ష్మ మార్పులను ముందే వదిలేస్తుంది. పెద్దది చేసినప్పుడు ఆ పలకల అంచులు కూడా పెద్దవవుతాయి, రక్తనాళమో పలక అంచో పోల్చుకోవడం కష్టమవుతుంది.

అనేక చిత్రాల నుంచి ఒకటి (చూ. రిమోట్ సెన్సింగ్, బాబ్లీ బ్యారేజీ)

కెమెరా అర పిక్సెల్ జరిగితే రెండో చిత్రం మొదటి చిత్రపు గళ్ళ సందుల్లో కొలుస్తుంది. రెంటినీ సరిగ్గా పేర్చగలిగితే నిజమైన కొత్త వివరం దక్కుతుంది. త్సాయ్, హువాంగ్ దృష్టిలో ఉన్నవి ఒకే నేలను పదేపదే తీసే ఉపగ్రహ చిత్రాలు. 2002లో ఫ్రాన్స్ పంపిన స్పాట్-5 ఇదే సూత్రాన్ని నేరుగా అమలుచేసింది. అర పిక్సెల్ తేడాతో తీసిన రెండు 5 మీటర్ల చిత్రాల నుంచి 2.5 మీటర్ల చిత్రాన్ని తయారుచేసింది. నేటి ఫోన్లలో జూమ్ చేసినప్పుడు చేతి వణుకునే వాడుకొని అనేక ఫ్రేములను కలిపే పద్ధతిని గూగుల్ 2018లో పిక్సెల్ 3 ఫోన్‌తో తెచ్చింది. మరో రకంలో, నలుపు తెలుపుల్లో సూక్ష్మంగా కొలిచిన చిత్రం నుంచి వివరాన్నీ రంగుల్లో ముతకగా కొలిచిన చిత్రం నుంచి రంగునూ తీసుకొని కలుపుతారు. 2005 నాటి కార్టోశాట్-1 చిత్రం ఒక్కో గడి 2.5 మీటర్లు, రిసోర్స్‌శాట్‌లోని లిస్-4 రంగుల చిత్రం 5.8 మీటర్లు. ఈ ఉపగ్రహాల దత్తాంశాన్ని అందుకొని పంచేది హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం.

నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకాలోని బాబ్లీ బ్యారేజీ ఈ పద్ధతుల హద్దును చూపడానికి తగిన చోటు. శ్రీరాంసాగర్ జలాశయానికి ఎగువన 2.74 టీఎంసీల నిల్వతో కట్టిన ఈ బ్యారేజీపై రెండు రాష్ట్రాల వివాదంలో సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరి 28న తీర్పు ఇచ్చింది. దాని ప్రకారం ఏటా జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలి. గోదావరిలో నీరు ఎంత మేర పరుచుకుందో లిస్-3 ఉపగ్రహ కెమెరా 23.5 మీటర్ల గడి చక్కగా చెబుతుంది, ఒక్కో గడిలో నీటి పాలు ఎంతో లెక్కించి ఒడ్డు గీతను గడికన్నా సూక్ష్మంగా కూడా గీయవచ్చు. ఫలానా గేటు ఎత్తి ఉందా దించి ఉందా అన్నది మాత్రం ఆ గడిలో విడిగా నమోదు కాదు. అలాంటి ఒక్క చిత్రాన్ని పదింతలు పెంచి గేట్ల స్థితి చదవబోతే కనిపించేది సాఫ్ట్‌వేర్ ఊహే అవుతుంది. సూక్ష్మ గడి ఉన్న మరో ఉపగ్రహపు చిత్రాన్ని తెచ్చి పేర్చడం ఒక్కటే అక్కడ నిలబడే మార్గం.

చిత్రాల సంఖ్య పెంచుకుంటూ పోతే వివరం కూడా అంతే పెరుగుతుందా? పెరగదని సైమన్ బేకర్, తాకేవో కనాదే 2002లో గణితపరంగా చూపారు. పెద్దది చేసే రెట్టు పెరిగేకొద్దీ ప్రతి కొత్త చిత్రం ఇచ్చే ఉపయోగపడే సమాచారం తరిగిపోతుంది. అక్కడి నుంచి ముందుకెళ్ళాలంటే దృశ్యం గురించి ముందే తెలిసిన జ్ఞానం కావాలని వాళ్ళే చెప్పి, మొహాల మీద చేసి చూపారు. అంచనాకు తలుపు తెరుచుకున్న మజిలీల్లో అది ముఖ్యమైనది.

నేర్చుకున్న యంత్రాలు (చూ. న్యూరల్ నెట్‌వర్క్)

నేర్చుకునే పద్ధతిలో మంచి చిత్రాలను వేల సంఖ్యలో తీసుకొని వాటిని కావాలనే కుదించి, చిన్నదాని నుంచి పెద్దదాన్ని తిరిగి కట్టమని నెట్‌వర్క్‌కు నేర్పుతారు. జవాబు ముందే తెలుసు గనుక తప్పు చేసినప్పుడల్లా దిద్దవచ్చు. అలా ఇటుక గోడ ఎలా ఉంటుందో, కనురెప్ప వెంట్రుకలు ఎలా ఉంటాయో దానికి అలవాటవుతుంది. 2017 నాటి ఎస్‌ఆర్‌గాన్ దీనికి రెండో నెట్‌వర్క్‌ను జోడించింది. మొదటిది గీసిన చిత్రం అసలు ఫొటోలా ఉందా లేదా అని రెండోది తీర్పు చెబుతుంది. ఆ తీర్పును నెగ్గేందుకు మొదటిది మసకను పూర్తిగా వదిలేసి, నమ్మదగిన నేతను గీయడం నేర్చుకుంటుంది. ఈఎస్‌ఆర్‌గాన్, 2021 నాటి రియల్-ఈఎస్‌ఆర్‌గాన్, ఆ తర్వాతి డిఫ్యూజన్ నమూనాలు ఇదే దారిలో మరింత దూరం వెళ్ళాయి. ఈనాడు ఫోన్లో ఒక్క నొక్కుతో పాత ఫొటోను మెరిపించే యాప్‌లలో చాలావాటి వెనక ఈ కుటుంబపు యంత్రాలే ఉన్నాయి.

2020లో డ్యూక్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పల్స్ వీటి స్వభావాన్ని అందరికీ తెలిసేలా చేసింది. 16×16 గళ్ళ మొహాన్ని 1024×1024కు పెంచే ఆ పద్ధతికి బరాక్ ఒబామా మసక చిత్రం ఇస్తే అది శ్వేతజాతి మగవాడి మొహాన్ని ఇచ్చింది. తాము అసలు మొహాన్ని వెలికి తీయడం లేదని, కుదిస్తే ఆ 16×16 గళ్ళకు సరిపోయే ఒక మొహాన్ని గీస్తున్నామని రూపకర్తలు చెప్పినమాట నిజమే. ఆ చిన్న చిత్రానికి సరిపోయే పెద్ద మొహాలు లెక్కలేనన్ని ఉంటాయి. వాటిలో ఏది ఎంచాలో శిక్షణలో తరచుగా కనబడ్డ మొహాలు నిర్ణయించాయి.

ఇప్పుడు మళ్ళీ నాందేడ్ చుక్క దగ్గరికి వస్తే చిక్కు పూర్తిగా తెలుస్తుంది. ఇళ్ళు, చెట్లు, మనుషుల ఫొటోలతో నేర్చుకున్న యంత్రానికి ఒకటిన్నర పిక్సెళ్ళ ఎర్ర చుక్క దుమ్ములాగానో కెమెరా గరుకులాగానో కనబడవచ్చు. గరుకును తుడిచేయడం కూడా దానికి నేర్పిన విద్యే గనుక చుక్కను తుడిచేసి నున్నటి రెటీనాను ఇవ్వగలదు. దానికి విరుద్ధంగా రెటీనా చిత్రాలతోనే నేర్చుకున్న యంత్రం, చుక్కలు తరచుగా ఉండే చోట కాస్త ముదురు మచ్చ కనబడితే గుండ్రటి చుక్కను గీయగలదు. మొదటి తప్పులో జబ్బున్న కన్ను ఆరోగ్యంగా కనబడుతుంది, రెండో తప్పులో ఆరోగ్యమైన కన్ను తొలి దశ రోగిగా నమోదవుతుంది. రెండు చిత్రాల్లోనూ మసక ఉండదు, అనుమానించడానికి వైద్యుడికి చిన్న ఆనవాలు కూడా మిగలదు. నేర్చుకున్న ఆవర్ధనం గురించి తీవ్రంగా పట్టించుకోవలసిన సంగతి ఇదే.

తెలుగు లిపికీ ఇదే ముప్పు. ప, వ అక్షరాల తేడా తలకట్టు దగ్గర చిన్న ఎడం. ద కింద చిన్న గీత వస్తే ధ. పాత దస్తావేజు స్కాన్‌లో ఆ ఎడం ఒక పిక్సెల్‌కన్నా సన్నగా ఉంటే యంత్రం రెంటిలో ఏదో ఒకదాన్ని ఎంచి, తడుముకోకుండా చక్కగా గీసి ఇస్తుంది. మసక అక్షరాన్ని చదివే మనిషి ముందూ వెనకా చూసి ఆలోచిస్తాడు. స్పష్టంగా తప్పుగా ఉన్న అక్షరం దగ్గర ఎవరూ ఆగరు.

కొలమానాలు, అభ్యంతరాలు

నేర్చుకున్న ఆవర్ధనం మీద పైన చేసిన వాదానికి మూడు బలమైన అభ్యంతరాలున్నాయి. బైక్యూబిక్ కూడా ఊహే కదా, 123.75ను ఎవరు కొలిచారు, మరి నేర్చుకున్న యంత్రాన్నే తప్పు పట్టడం ఎందుకన్నది మొదటిది. నిజమే, కొలవని ప్రతి గడీ అంచనాయే. అయితే బైక్యూబిక్ అంచనాకు ఆధారం పక్కనున్న 16 గళ్ళు మాత్రమే. ఆ సూత్రం ఎవరైనా కాగితం మీద లెక్కించి సరిచూడగలిగినది, అన్ని చిత్రాలకూ ఒక్కటే. నెట్‌వర్క్ అంచనాకు ఆధారం వేరే మనుషుల, వేరే చోట్ల లక్షల గళ్ళు. ఏ చిత్రం నుంచి ఏ గీత వచ్చిందో వెనక్కి వెళ్ళి చెప్పలేం. తప్పు పరిమాణం కన్నా దాన్ని పసిగట్టగల అవకాశంలోనే అసలు తేడా ఉంది.

రెండోది గట్టి అభ్యంతరం. అసలు చిత్రం చేతిలో ఉంచుకొని పోల్చినప్పుడు నేర్చుకున్న పద్ధతుల సగటు తప్పు బైక్యూబిక్ కన్నా తక్కువ. పీఎస్‌ఎన్‌ఆర్ అనే కొలమానం మీద ఎస్‌ఆర్‌సీఎన్‌ఎన్ గెలిచింది ఇలాగే. కానీ సగటు తప్పు కోటి గళ్ళ మీద లెక్కించినది. రోగ నిర్ణయం పన్నెండు గళ్ళ వెడల్పున్న చుక్క మీద ఆధారపడితే ఆ సగటు దాన్ని పట్టించుకోదు. పైగా చూడ్డానికి వాడిగా, సహజంగా ఉండే చిత్రాలిచ్చే యంత్రాలే సగటు తప్పులో వెనకబడతాయి. టెక్నియన్‌కు చెందిన బ్లావ్, మిఖాయెలి 2018లో ఇది యంత్రం లోపం కాదనీ, ఒక హద్దు చేరాక సహజత్వాన్ని పెంచితే విశ్వసనీయత తప్పనిసరిగా తగ్గుతుందనీ నిరూపించారు. రెండూ ఒకేసారి శిఖరానికి చేరవు. ఏది కావాలో ముందే నిర్ణయించుకోవాలి.

మూడోది వైద్యుల వైపు నుంచి వస్తుంది. పెద్దది చేసి, వాడి పెంచి చూపితే కంటికి తొందరగా చుక్క ఆనుతుంది, మరి అది ఉపయోగం కాదా? తప్పకుండా ఉపయోగమే. ఏ లెక్కా చిత్రంలోని సమాచారాన్ని పెంచలేదన్నది గణిత సత్యమే అయినా, ఉన్న సమాచారాన్ని మనిషి కంటికి అందే రూపంలోకి తేగలదు. 12 గళ్ళ చుక్కను నాలుగింతలు చేసి చూడటం వల్ల ఎవరూ మోసపోరు, అది ముందే నమోదై ఉంది. అభ్యంతరం ఒకటిన్నర గడి చుక్కను నాలుగింతలు చేసినప్పుడే. అంచేత ఎంత పెంచవచ్చన్న ప్రశ్నకు జవాబు సాఫ్ట్‌వేర్ పేరులో దొరకదు. వెతుకుతున్న వస్తువు అసలు చిత్రంలో ఎన్ని గళ్ళు ఆక్రమించిందో లెక్కిస్తే దొరుకుతుంది.

ముద్రణ, ఫ్లెక్సీ, పాత ఫొటోలు

ముద్రణలో అవసరమైన దానికన్నా ఎక్కువ పెంచడం పరిపాటి. సాధారణ కంటి చూపు డిగ్రీలో అరవయ్యో వంతును విడదీయగలదు. పావు మీటరు దూరంలో అది అంగుళానికి 350 చుక్కల దగ్గరికి వస్తుంది, అందుకే పుస్తకాలకు 300 డీపీఐ అడుగుతారు. అయిదు మీటర్ల దూరంలో అదే లెక్క అంగుళానికి 18 చుక్కలకు పడిపోతుంది. పది అడుగుల వెడల్పు ఫ్లెక్సీని రోడ్డుకు అవతల నుంచి చూసేవాడికి 2,200 పిక్సెళ్ళ వెడల్పున్న ఫొటో చాలు, ఈనాటి ఏ ఫోనైనా అంత ఇస్తుంది. చిక్కంతా వాట్సాప్‌లో చేతులు మారి కుంచించుకుపోయిన ఫొటో తెచ్చినప్పుడే వస్తుంది. అసలు ఫైలు అడిగి తెప్పించుకోవడం ఏ అప్‌స్కేలర్ కన్నా మంచి ఫలితమిస్తుంది.

పోయినవారి పాస్‌పోర్ట్ ఫొటోను పటం కట్టించాలనుకునే కుటుంబానికి మాత్రం అడగడానికి మరో ఫైలు ఉండదు. 35×45 మిల్లీమీటర్ల ఫొటోను 300 డీపీఐతో స్కాన్ చేస్తే 413×531 గళ్ళే వస్తాయి. 16×20 అంగుళాల పటానికి అదే నాణ్యత కావాలంటే 11 రెట్లకు పైగా పెంచాలి. అదే ఫొటోను 1200 డీపీఐతో స్కాన్ చేస్తే రెట్టు మూడుకు దిగుతుంది. కాగితం మీద అంత వివరం ఉన్నంత మేరకు ఆ లాభం నిజమైన కొలత. స్కానర్‌తో రాబట్టగలిగినదంతా రాబట్టాకే యంత్రాన్ని పిలవడం మంచిది. అది కూడా మొహాన్ని తిరిగి గీసే మీటను ఆపి. లేకపోతే పటంలో కూర్చునేది ఆ ఇంటి పెద్దాయన కాకుండా ఆయన పోలికలున్న మరెవరో కావచ్చు, ఆయన్ను ఎరిగినవారికి అది వెంటనే తెలుస్తుంది.

న్యాయ, వైద్య నమోదు (చూ. ఎలక్ట్రానిక్ సాక్ష్యం)

2024లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక హత్య కేసులో కృత్రిమ మేధతో పెంచిన ఫోన్ వీడియోను సాక్ష్యంగా తీసుకోవడానికి కింగ్ కౌంటీ న్యాయస్థానం నిరాకరించింది. మన దేశంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఇచ్చే ధ్రువపత్రంలో ఫైలు హాష్ విలువను పేర్కొనాలి. ఒక్క పిక్సెల్ మారినా ఆ విలువ మారిపోతుంది. కాబట్టి పెద్దది చేసిన సీసీటీవీ ఫ్రేము ఎన్నడూ అసలు రికార్డు కాజాలదు. అసలుతో జతచేసి, ఏ పద్ధతితో ఎన్ని రెట్లు పెంచారో రాసి, వివరణ చిత్రంగా మాత్రమే చూపడం సరైన తీరు.

వైద్యంలో ఈ ఏర్పాటు ముందే ఉంది. ఆసుపత్రుల మధ్య చిత్రాలు మార్చుకునే డైకామ్ ప్రమాణంలో ప్రతి చిత్రానికీ రకం అనే గడి ఒకటుంటుంది. అందులో మొదటి విలువగా ‘అసలు’ అనో ‘మరొకదాని నుంచి తీసినది’ అనో నమోదు చేయాలి. యంత్రంతో పెంచిన రెటీనా చిత్రం రెండో రకానికి చెందుతుంది. జేపెగ్‌గా మార్చి ఫోన్లో పంపినప్పుడు ఈ గడి రాలిపోతుంది, పెంచిన చిత్రం అసలుదానిలా చేతులు మారుతుంది. జిల్లా కేంద్రంలోని క్లినిక్ నుంచి నగరంలోని నిపుణుడికి కంటి చిత్రాలు పంపేవారు కెమెరా ఇచ్చిన ఫైలునే, కుదించకుండా, పెంచకుండా పంపి, పెద్దది చేసి చూసే పనిని అవతలి తెరకు వదిలిపెట్టాలి.